హీరో తిడితే మన అత్తమ్మలు ఏమనుకున్నారు? బోధన్ బీడీల చాట దగ్గర చదివిన ప్రేమ నవలలు

ఈ ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెడుతున్నా. సారీ చెప్పాల్సింది మీకు కాదు, మా మేనత్తకి.

కొన్నాళ్ల కింద నేను టాక్సిక్ హీరోల మీద ఒక వీడియో చేశాను, గుర్తుండే ఉంటుంది. అందులో చాలా ధీమాగా ఒక మాట అన్నా. "1960ల్లో, 70ల్లో మన అమ్మలు, అమ్మమ్మలు చదివిన నవలల్లోనే ఈ రోగం ఉంది. పొగరుబోతు హీరో కార్లో వస్తాడు, తిడతాడు, అనుమానిస్తాడు, చివర్లో ప్రేమ అంటాడు. ఇవి చదివీ చదివీ ఒక తరం ఆడవాళ్లు మొగుడు ఎంత ఏడిపించినా మారతాడులే అని కూర్చున్నారు" అని. ఉదాహరణకి ప్రేమ్ నగర్ చెప్పా. తాగుబోతు జమీందారు కొడుకుని ఒక మంచి అమ్మాయి మార్చేస్తుంది, అదే ఫార్ములా అని తేల్చేశా. వీడియో బాగానే పోయింది. కామెంట్లలో చప్పట్లు కూడా.

రెండ్రోజుల తర్వాత బోధన్ నుంచి ఫోన్. మా అత్తమ్మ. అరవై దాటింది, మోకాళ్ల నొప్పులు, కానీ ఫోన్‌లో నా వీడియో ఒక్కటి కూడా వదలదు. హలో కూడా లేదు.

"ఏం రా, లత ఎళ్లిపోయింది గద? నువ్వు సినిమా సగమే చూసినవా?"

నిజం చెప్పాలంటే ఒకటిన్నర స్పీడ్‌లో పెట్టి, పాటలు దాటేసి చూశా. దొరికిపోయా.

ప్రేమ్ నగర్ కోడూరి కౌసల్యాదేవి రాసిన నవల. 1971లో సినిమా అయింది. కె.ఎస్. ప్రకాశరావు దర్శకుడు, రామానాయుడు నిర్మాత, అక్కినేని, వాణిశ్రీ. సినిమాలో కల్యాణ్‌కి తాగుడు, తిరుగుడు. లత అతని దగ్గర సెక్రటరీగా చేరుతుంది, అతన్ని దారిలో పెడుతుంది. ఇంతవరకే నేను వీడియోలో చెప్పా. తర్వాత ఏమవుతుంది? ఇంట్లోవాళ్లు లత మీద దొంగతనం నింద వేస్తారు. కల్యాణ్ కూడా ఆమెనే అనుమానిస్తాడు. లత వెళ్లిపోతుంది. నిజం తెలిసి అతను వచ్చి బతిమాలినా కరిగిపోదు. కథలో సగం బరువు అక్కడుంది. నేను దాటేసింది సరిగ్గా ఆ సగమే.

"మేము ఏడ్చింది కల్యాణ్ కోసం కాదు రా. లతకి అంత రోషం యాడికెళ్లి వచ్చిందా అని చూస్కుంట కూసున్నం" అంది అత్తమ్మ.

ఆ ఫోన్ తర్వాత నేను నిజామాబాద్ నుంచి బోధన్ బస్సెక్కా. రెండు రోజులు ఆమె దగ్గర కూర్చున్నా. ఈ ఎపిసోడ్‌లో ఆమె చెప్పిన ప్రతి మాటా ఆమె అనుమతితోనే చెబుతున్నా. ఒకటి మాత్రం చెప్పొద్దంది, అది చెప్పను.

ముందు ఆ కాలం ఎలా ఉండేదో చూడండి. మీలో చాలామందికి బోధన్ అంటే చెరుకు, నిజాం షుగర్ ఫ్యాక్టరీ. 1937లో నిజాం కాలంలో శక్కర్‌నగర్‌లో పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటి. 2015 డిసెంబర్‌లో మూతపడింది. మా తాత అందులో పనిచేశాడు. సీజన్‌లో ఊరంతా మొలాసిస్ వాసన వచ్చేదట. మగవాళ్లకి చెరుకు, ఫ్యాక్టరీ. ఆడవాళ్లకి? ఇల్లు, పొలం, మరీ ముఖ్యంగా బీడీలు. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టని వాడ ఉండేది కాదు. తునికాకు నానబెట్టాలి, కత్తెరతో ఒకే సైజుకి కత్తిరించాలి, తంబాకు నింపి చుట్టాలి, దారం కట్టాలి, కొస మడవాలి. ఒళ్లో చాట. వెయ్యి చుడితే ఇంత అని లెక్క. కార్ఖానాలో ఇచ్చేటప్పుడు బాగాలేనివి ఏరి అవతల పడేస్తారు, వాటికి పైసలు రావు. చేతులకి ఖాళీ లేదు, కళ్లకీ ఖాళీ లేదు. ఖాళీగా ఉన్నది చెవులు ఒక్కటే.

అత్తమ్మ అప్పటికి పదో తరగతి చదివింది. ఆ వాడలో అంతవరకు చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. అందుకని మధ్యాహ్నం పూట ఆమెకి బీడీల పని మాఫీ. ఆమె పని చదవడం. చుట్టూ ఎనిమిది, పదిమంది ఆడవాళ్లు చాటలు పెట్టుకుని కూర్చుంటే, మధ్యలో ఈమె పత్రిక పట్టుకుని సీరియల్ పైకి చదివేది. ఆమె వంతు బీడీలు మిగతావాళ్లు తలా కొన్ని చుట్టి ఇచ్చేవాళ్లు.

ఇది విన్నప్పుడు నాకు క్యూబా గుర్తొచ్చింది. అక్కడ హవానాలో చుట్టల ఫ్యాక్టరీల్లో 1865 నుంచి కూలీలకి నవలలు, పేపర్లు పైకి చదివి వినిపించే ఉద్యోగమే ఉంది. చదివేవాడికి కూలీలే తలా కొంత వేసుకుని జీతమిచ్చేవారు. మాంటెక్రిస్టో అనే చుట్టల బ్రాండుకి ఆ పేరు అలెగ్జాండర్ డ్యూమా నవల నుంచే వచ్చింది. అత్తమ్మకి చెబితే, "మాకు జీతమెక్కడిది, బీడీలే జీతం" అని నవ్వింది.

పత్రికలు ఎలా వచ్చేవి? అవి అచ్చయ్యేది ఎక్కువగా విజయవాడ దిక్కు. మా దగ్గర వర్ని చుట్టుపక్కల నిజాంసాగర్ కాల్వ కింద కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులున్నారు. ఆ ఊళ్లని ఇప్పటికీ క్యాంపులు అంటాం. ఆ ఇళ్లకి వారపత్రికలు వచ్చేవి. వాళ్లు చదివినవి రెండు, మూడు వారాలకి చేతులు మారి బోధన్‌కి చేరేవి. నిజామాబాద్ పోయినవాళ్లు అద్దె పుస్తకాల షాపు నుంచి నవలలు తెచ్చేవాళ్లు. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు చవగ్గా దొరికేవి.

ఒక గమ్మత్తు. ఆ నవలల భాష కృష్ణా, గోదావరి భాష. అత్తమ్మ చదివేటప్పుడు అక్కడికక్కడే మార్చేసేది. "వెళ్లాడు" అని ఉంటే "పోయిండు", "ఏమిటండీ" అని ఉంటే "ఏందయ్యా". అంటే యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ నవల్లో రాజశేఖరం ఉన్నాడు చూడండి, ఆరడుగుల అందగాడని ఒక తరం మొత్తం కలలుగన్న హీరో, ఆయన మా వాడలో అచ్చం నిజామాబాద్ యాసలో మాట్లాడేవాడు.

సెక్రటరీ 1960ల మధ్యలో జ్యోతి మాసపత్రికలో వచ్చింది, 1976లో సినిమా అయింది. ఆ రోజుల్లో తెలుగు నవల మీద ఆడవాళ్ల రాజ్యం ఎంతలా నడిచిందంటే, మగ రచయితలు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాసేవాళ్లు. అమెరికాలో స్థిరపడ్డ నిడదవోలు మాలతిగారు ఆ కాలపు రచయిత్రుల మీద ఇంగ్లిష్‌లో ఒక పుస్తకమే రాశారు. యద్దనపూడి మీద విమర్శకులు ఎప్పుడూ చేసే కంప్లయింట్ ఒకటే: మధ్యతరగతి అమ్మాయిలకి కలలు అమ్మింది, కారున్న రాజకుమారుడి కోసం ఎదురుచూడటం నేర్పింది అని. నా పాత వీడియో కూడా ఆ కంప్లయింట్‌కి జిరాక్స్ కాపీనే.

మరి చాటల దగ్గర కూర్చున్నవాళ్లు ఆ హీరోలని ఎలా చూశారు? నేను అత్తమ్మని అడిగింది ఇదే. హీరో హీరోయిన్ని అవమానించే సీన్ వస్తే ఏమనేవాళ్లు?

"ఒకామె అనేది, గీనె మంచోడే, నోరే చెడ్డది అని. ఇంకొకామె ఊకునేది కాదు. మా ఇంట్ల ఉన్నోనికి నోరూ చెడ్డదే, చెయ్యీ చెడ్డదే, గాయనకు ఏ నవల రాస్తరు అనేది. అందరు నవ్వేటోళ్లు. నవ్వుకుంటనే చుట్టేటోళ్లు."

ఈ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. వాళ్లకి తేడా స్పష్టంగా తెలుసు. నవల్లో హీరో కోపం ఒక పొడుపుకథ లాంటిది. వీడెందుకిలా చేస్తున్నాడు, లోపల ఏముంది, అని వారం వారం విప్పుకుంటూ పోతాం. చివర్లో జవాబు గ్యారంటీగా ఉంటుంది. ఇంట్లో మొగుడి కోపానికి విప్పడానికేం లేదు. అది కథ కాదని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

దీన్ని అమెరికాలో ఒకావిడ పద్ధతిగా స్టడీ చేసింది. జానిస్ రాడ్వే. 1984లో ఆమె పుస్తకం వచ్చింది. ఒక ఊళ్లో ప్రేమ నవలలు తెగ చదివే సుమారు నలభై మంది ఆడవాళ్లని, వాళ్లకి పుస్తకాలు సలహా ఇచ్చే షాపు ఆమెని కూర్చోబెట్టి అడిగింది. హీరో మొదట్లో కఠినంగా ఉంటే, చివరికొచ్చాక వెనక్కి తిరిగి, "ఓహో, ప్రేమ బయటపడకుండా అలా చేశాడన్నమాట" అని పాత సీన్లకి కొత్త అర్థం చెప్పుకుంటారని ఆమె గమనించింది. ఇది కొంచెం భయపెట్టే విషయమే. కానీ అదే పాఠకులకి గీత కూడా ఉంది. హీరో మరీ క్రూరంగా ఉంటే, బలాత్కారం చేస్తే, అది చెత్త పుస్తకం అని పక్కన పడేస్తారు. కొందరైతే కొనేముందే చివరి పేజీలు చదివి చూసుకుంటారు, ముగింపు బాగుందా లేదా అని.

వారపత్రికకి చివరి పేజీ ఉండదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

మన దగ్గర కూడా ఇలాంటి పని జరిగింది. రాధికా పరమేశ్వరన్ అనే పరిశోధకురాలు 1990ల్లో హైదరాబాద్‌లో మిల్స్ అండ్ బూన్ చదివే కాలేజీ అమ్మాయిలతో మాట్లాడింది. ఇంగ్లిష్ బాగుపడుతుందని, పెళ్లికి ముందు ఎవరూ చెప్పని విషయాలు తెలుస్తాయని చదువుతున్నామని వాళ్లు చెప్పారు. అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకోవడం, స్నేహితుల మధ్య పంచుకోవడం, అవన్నీ అత్తమ్మ కథకి దగ్గరగానే ఉన్నాయి. తేడా ఏంటంటే ఆ అమ్మాయిలకి పుస్తకం చదవడానికి రెండు చేతులూ ఖాళీ.

ఈ గొడవ ఎంత పాతదో కూడా ఒక ముక్క చెప్పి ముందుకెళ్తా. 1740లో ఇంగ్లండ్‌లో పమేలా అని ఒక నవల వచ్చింది. యజమాని పనమ్మాయిని వెంటపడి వేధిస్తాడు, నిర్బంధిస్తాడు, చివరికి పెళ్లి చేసుకుంటాడు. జనం విరగబడి చదివారు. మరుసటి ఏడాదే హెన్రీ ఫీల్డింగ్ దాన్ని వెక్కిరిస్తూ ఇంకో పుస్తకం వేశాడు. అంటే "ఇది ప్రేమా, హింసా" అని పాఠకులు కొట్టుకోవడం అర్జున్ రెడ్డితో మొదలవలేదు. ఆ సినిమా వచ్చిన 2017లో నేను బీటెక్‌లో ఉన్నా. హాస్టల్లో దాని మీద పొట్లాడుకుని ఇద్దరు రూమ్మేట్లు వారం మాట్లాడుకోలేదు. సరే, అది వదిలేద్దాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా.

అదే పత్రికల్లో, అదే అద్దె షాపుల్లో, యద్దనపూడి పక్కనే ఇంకో రచయిత్రి ఉంది. ముప్పాళ్ల రంగనాయకమ్మ. నా పాత వీడియోలో ఆమె పేరే లేదు, అది నా రెండో తప్పు. పేకమేడలు అనే నవల్లో మొగుడి నిరాదరణలో నలిగిపోయి ప్రాణం పోగొట్టుకునే భార్యని రాసింది. బలిపీఠంలో తిప్పి చూపించింది. అక్కడ కులం, డబ్బు అహంకారంతో కాపురాన్ని నరకం చేసేది భార్య. అది 1975లో దాసరి నారాయణరావు సినిమా కూడా అయింది. అంటే మన పాఠకులకి కలలూ, ఆ కలల పోస్ట్‌మార్టమూ ఒకే అరలో దొరికేవి. వాళ్లు రెండూ చదివారు. విమర్శకులే ఒకటి చదివినవాళ్లు రెండోది చదవరనుకున్నారు.

1970ల చివర్లో రంగనాయకమ్మ జానకి విముక్తి అనే సీరియల్ ఆంధ్రజ్యోతి వారపత్రికలో మొదలైంది. జానకి, ఆమె మొగుడు వెంకట్రావు. వెంకట్రావు రాజశేఖరం కాదు. కారు లేదు, రహస్య ప్రేమా లేదు. మనం రోజూ చూసే మనిషి. తిట్టడం, కొట్టడం, అదంతా తన హక్కు అనుకోవడం. జానకికి సత్యం అని ఒక అన్న ఉంటాడు. పుస్తకాలు చదివే మనిషి. చెల్లెల్ని అందులోంచి బయటికి లాగాలని చూస్తాడు.

చాటల దగ్గర ఈ సీరియల్ మొదలయ్యాక నవ్వులు తగ్గిపోయాయట. "రాజశేఖరం ఉన్నప్పుడు అందరు మాట్లాడేటోళ్లు. వెంకట్రావు వచ్చినంక ఎవ్వరు మాట్లాడకపోతుండె. బీడీలు మాత్రం ఎక్కువ అయితుండె" అంది అత్తమ్మ. ఆ లెక్క నాకు మొదట అర్థం కాలేదు. ముచ్చట్లు లేకపోతే చేతులు ఇంకా జోరుగా కదులుతాయి కదా.

ఆ సీరియల్ మధ్యలో ఆగిపోయింది. వివాదం, అభ్యంతరాలు. తర్వాత పుస్తకంగా పూర్తయింది కానీ, పత్రికలో మాత్రం ఆగిపోయింది. ఇక్కడ ఒక్కసారి ఆలోచించండి. పొగరు హీరోల సీరియల్స్ ఏళ్ల తరబడి నడిచాయి. హీరో ఎంత అవమానించినా ఎవరి కొంపా మునగలేదు. మొగుడి హింసని హింస అని రాసి, ఆ అమ్మాయి గడప దాటే దారిలో పడ్డాక కథ నడవడం కష్టమైంది. నా ఉద్దేశంలో మన సమాజానికి ఎప్పుడూ కంపరం పుట్టించింది దెబ్బ కాదు. దెబ్బ తర్వాత సర్దుకున్న పెట్టె.

కానీ చదువు రాని ఆ ఆడవాళ్లకి ఇదంతా ఎలా తెలుస్తుంది? వాళ్లు రోజూ అడిగేవాళ్లట, "ఆ పిల్ల ఏమైందే?" అని. పత్రికలో రాలేదే అంటే నమ్మలేదు. నువ్వే దాస్తున్నవ్ అన్నారు. పదిరోజులు చూసి, ఒక మధ్యాహ్నం అత్తమ్మ పాత పత్రిక ఒకటి చేతిలో పట్టుకుని, చదువుతున్నట్టే నటిస్తూ, కథ తనే చెప్పేసింది. జానకి బిడ్డని ఎత్తుకుని వెళ్లిపోయిందని. ఉద్యోగం చేసుకుని బతుకుతోందని. పద్దెనిమిదేళ్ల పిల్ల, అచ్చులో లేని పేజీ చదివింది.

"ఏమన్నరు వాళ్లు?"

"ఒకామె చాట కింద పెట్టింది. ఎటు పోయింది, ఏ బస్సుల పోయింది అని అడిగింది. నాకు తోచలే. నిజామాబాద్ బస్సు అని చెప్పిన."

ఏళ్ల తర్వాత పుస్తకం చేతికొచ్చి చదివితే, జానకి నిజంగానే బయటికొచ్చేసింది. వివరాలు వేరు, బస్సు వేరు.

ఇక్కడ ఆపేస్తే ఎపిసోడ్ చాలా అందంగా ఉంటుంది. కానీ నేను సారీ చెప్పాల్సిన అసలు సంగతి ఇప్పుడొస్తుంది.

1980లో అత్తమ్మకి నిజామాబాద్ టౌన్‌లో సంబంధం కుదిరింది. ఆ నాలుగేళ్ల గురించి ఆమె ఎంత చెప్పమందో అంతే చెబుతా. చెయ్యి చేసుకునేవాడు. పత్రిక కనబడితే పొయ్యిలో పెట్టేవాడు. నా వీడియో ప్రకారమైతే, నవలలు చదివిన పిచ్చిలో ఆమె "మారతాడు" అని ఎదురుచూసి ఉండాలి. నేను అదే అడిగా, కొంచెం తెలివి చూపించుకుంటూ.

"ప్రేమ్ నగర్ నమ్మి ఉన్ననా? పిచ్చోడా. మొదటి ఆర్నెల్లకే పెట్టె సర్దిన. వచ్చిన. మీ నాయిననే మళ్ల తోలుకపోయిండు."

మా నాన్న. అత్తమ్మకి తమ్ముడు. అప్పుడు ఇంటర్. పెద్దవాళ్లు చెప్పారు, అక్కని దింపి రమ్మన్నారు, దింపి వచ్చాడు. బోధన్ నుంచి నిజామాబాద్ పాతిక కిలోమీటర్లు. ఈయన బస్సులో అక్క పక్కన కూర్చున్నాడు.

"జానకికి సత్యం ఉండె. నాకు తమ్ముడు ఉండె, కని వానికి మీసాలే సక్కగ రాలే. వాన్నేమంటం? ఇంట్ల ఒక్కరన్న నవల చదివి ఉంటే బాగుండు. చదివింది నేను ఒక్కదాన్నే."

ఫ్రెండ్స్, నేను ఇన్నాళ్లూ ఈ ప్రశ్నని తప్పువైపు నుంచి అడిగా. ఆ నవలలు ఆడవాళ్లని చెడగొట్టాయా అని అడిగా. ఆ కాలంలో ఆ నవలలు చదవని మగవాళ్లు, చదవని పెద్దవాళ్లు ఏ పుస్తకం చూసి "సర్దుకో అమ్మా" అన్నారు? 2019 నుంచి 2021 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏడు కారణాలు చెప్పి, వీటిలో ఏదైనా ఒకదానికి మొగుడు పెళ్లాన్ని కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగ్గా చేయకపోవడం, ఎదురు మాట్లాడటం, అత్తమామలని గౌరవించకపోవడం, ఇలాంటివి. తెలంగాణలో 83.8 శాతం ఆడవాళ్లు సబబే అన్నారు. దేశంలో ఇంత ఎక్కువగా చెప్పిన రాష్ట్రాల్లో మనం ముందున్నాం. ఈ ఆడవాళ్లందరూ సెక్రటరీ చదివి ఇలా అన్నారా? వాళ్లలో చాలామంది యద్దనపూడి పేరు కూడా విని ఉండరు.

నవలలకి పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వట్లేదు. అత్తమ్మే ఇవ్వలేదు. "ఒక్కటి చెడగొట్టినయ్. ఒక్క మంచి మాట అంటే కరిగిపోయే గుణం వాటితోనే వచ్చింది. కొట్టి, మర్నాడు మల్లెపూలు తెస్తే, ఇది సీనే గద అనిపించేది" అంది. రాడ్వే చెప్పిన వెనక్కి తిరిగి అర్థం చెప్పుకోవడం ఇదే. ఏడాదికి మూడు, నాలుగు సార్లు మల్లెపూలు. ఆ లెక్కన నాలుగేళ్లు గడిచాయి.

1983లో పార్లమెంటు భర్త క్రూరత్వాన్ని నేరం చేస్తూ 498ఎ సెక్షన్ తెచ్చింది. ఆ ఇంట్లో ఉన్న ఆమెకి ఆ సంగతి తెలియదు. ఎవరూ చదివి వినిపించలేదు. 1984లో తనంతట తనే రెండోసారి పెట్టె సర్దుకుని వచ్చింది. ఈసారి మా తాత వెనక్కి పంపలేదు. ఎందుకు పంపలేదన్నదే ఆమె చెప్పొద్దన్న విషయం.

ఇప్పుడు మన ఫోన్ల దగ్గరికి వద్దాం. మీలో చాలామంది యాప్‌లలో తెలుగు కథలు చదువుతారు, ఆడియో సీరియల్స్ వింటారు. కోటీశ్వరుడు, కాంట్రాక్ట్ పెళ్లి, బలవంతంగా తాళి. హీరో గదిలో పెట్టి తాళం వేస్తే కింద హార్ట్ ఎమోజీలు. అవి పెట్టేవాళ్లు బుద్ధిలేనివాళ్లని నేనిప్పుడు అనను, బీడీల చాట దగ్గరి పాఠం వంటబట్టింది. వాళ్లలోనూ "మా ఇంట్ల ఉన్నోనికి ఏ నవల రాస్తరు" అనుకునేవాళ్లు ఉంటారు.

కానీ ఒక తేడా ఉంది, అది నాకు ఇంజనీర్‌గా కనబడుతుంది. పాత నవల ఎంత సాగినా ఒక పుస్తకం సైజులో ముగియాలి, అట్ట వేయాలి, అమ్మాలి. ముగియాలంటే ఏదో ఒకటి తేలాలి: హీరోయిన్ వెళ్లాలి, హీరో మారాలి. యాప్ సీరియల్‌కి అట్ట లేదు. తర్వాతి ఎపిసోడ్ తాళం తీయడానికి కాయిన్లు ఖర్చుపెడుతూ ఉన్నంతకాలం నడుస్తుంది. హీరోయిన్ పెట్టె సర్దుకుని నిజంగా వెళ్లిపోతే ఆ సీరియల్‌కి ఆదాయం ఆగిపోతుంది. అందుకని ఆమె గుమ్మం దాకా వస్తుంది, వాన మొదలవుతుంది, కళ్లు తిరిగి పడిపోతుంది, హీరో ఎత్తుకుంటాడు. మళ్లీ మొదటికి. లత, జయంతి వాళ్లలో ఎన్ని లోపాలున్నా, ఆత్మాభిమానం అనే మాట ఆ కథల్ని నడిపింది. ఇప్పుడు ఆ స్థానంలో ఓపిక వచ్చి కూర్చుంది.

అత్తమ్మ కూడా ఒక ఆడియో సీరియల్ వింటోంది, కళ్లు మసకలు కదా. మూడు వందల ఎపిసోడ్లు దాటాయి. "ఇందులో పిల్ల పోతదా అత్తమ్మా?" అని అడిగా.

"పోదు రా. పోతే వీళ్ల దుకానం బంద్ అయితది."

మరెందుకు వింటున్నావంటే, పక్కింటి ఆమె సాయంత్రం వచ్చి కథ అడుగుతుందట, ఆమెకి ఫోన్ లేదు. అత్తమ్మ ఈసారి కూడా ఉన్నదున్నట్టు చెప్పట్లేదని నాకు అనుమానం. అడిగితే నవ్వింది, చెప్పలేదు.

తిరిగొచ్చేరోజు మా నాన్నకి ఫోన్ చేశా. ఆ బస్సు ప్రయాణం గుర్తుందా అని అడిగా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్క కిటికీ దిక్కు కూసుంది. ఒక పత్రిక పట్టుకుని చదువుకుంటనే ఉంది. నేను టికెట్లు తీస్కున్న" అన్నాడు. అంతే. ఏ పత్రికో ఆయనకి తెలియదు. అత్తమ్మకి తెలుసు, కానీ పట్టుకున్నదే గాని ఒక్క ముక్క కూడా చదవలేదంది.

ఒక చిన్న రిక్వెస్ట్‌తో ఆపేస్తున్నా. అత్తమ్మ దగ్గరున్న జానకి విముక్తి పాత కాపీని ఎవరో చదువుతామని తీసుకెళ్లారు, తిరిగి ఇవ్వలేదు. కొత్తది కొనిస్తానంటే వద్దంది. ఆ పాతదే కావాలట. దాని వెనక అట్ట లోపల పెన్సిల్‌తో బీడీల లెక్క రాసి ఉంటుంది, ఎవరికి ఎన్ని బాకీ ఉన్నాయో. బోధన్, శక్కర్‌నగర్, వర్ని దిక్కు ఎవరింట్లోనైనా అలాంటి పుస్తకం కనబడితే కామెంట్‌లో చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటా.